కొండ మూసేదాకా ఆగిన మనిషి

ఈ ఉదయం మిమ్మల్ని ఎవరైనా "ఎలా ఉన్నారు?" అని అడిగారా? అడిగితే ఏమన్నారు? "బాగున్నాను" అన్నారు కదూ? నిజంగా బాగుండి అన్నారా, అడిగినవాళ్ళు ఇంకేమీ అడక్కుండా ఉండాలని అన్నారా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. ఇది చదవడం పూర్తయ్యేలోగా మీకు మీరే చెప్పుకోండి.

మా బావగారు పోయారు. నా భార్యకు సొంత అన్నయ్య. పోయిన మంగళవారం పొద్దున, ఆఫీసుకు బయల్దేరే ముందు, గ్యారేజీలో తన స్కీలకు, మంచు మీద జారే ఆ పొడవాటి పలకలకు, ఇస్త్రీ పెట్టెతో మైనం కరిగించి పూస్తూ కూలిపోయారు. మాడుతున్న మైనం వాసన వచ్చి ఆయన భార్య వంటింట్లోంచి వెళ్ళి చూసేసరికి ఇస్త్రీ పెట్టె బల్ల మీద పొగలు కక్కుతోందట. ఆయన నేల మీద ఉన్నారు. అంబులెన్సు వెంటనే వచ్చింది. వచ్చినవాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు. గుండె, అన్నారు.

నేను సెమినరీ గడప తొక్కినవాణ్ణి కాను. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం షామ్‌బర్గ్‌లో మా బేస్‌మెంట్‌లో చేరే తెలుగు కుటుంబాలకు నాకు తెలిసినంత వాక్యం చెప్పేవాణ్ణి. మరణం దగ్గర ఓదార్పు మాటలు చెప్పడం నాకు కొత్త కాదు. కానీ ఈసారి నోరు తెరిస్తే ఓదార్పు రావడం లేదు, విసుగొస్తోంది. శవపేటిక పక్కన నిలబడి కూడా "ఏమయ్యా బావా, ఒక్క ఫోన్ కాల్‌లో ఒక్క ముక్క నిజం చెప్పలేకపోయావా" అని గొణుక్కున్నాను. యోబు స్నేహితులు కూడా ఓదార్చడానికి వచ్చి పోట్లాటకు దిగినవాళ్ళే. నన్నూ వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి.

మా ఇల్లినాయిస్ రాష్ట్రం ఎంత చదునో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. దోసె పెనం. అలాంటి చోట మా బావగారికి ఒక స్కీ కొండ దొరికింది, అదీ ఆఫీసుకు వెళ్ళే దారిలో. కొండ అనడం మర్యాద కోసం. ఒకప్పుడు ఊళ్ళ చెత్త తెచ్చి పోసిన దిబ్బ అది. మట్టి కప్పి, గడ్డి పెంచి, చలికాలంలో యంత్రాలతో మంచు చిమ్మి, జనాన్ని పైకి మోసుకెళ్ళే రెండు లిఫ్టులు పెట్టారు.

"దేవుడు బీదవాణ్ణి పెంటకుప్ప మీంచి లేవనెత్తుతాడని లేఖనం. మీరేమిటి, సీజన్ పాస్ కొనుక్కుని మరీ పెంటకుప్ప ఎక్కుతున్నారు?" అనేవాణ్ణి.

"ఎక్కితేనే కదా ప్రవక్తగారూ, దిగే ఆనందం!" అనేవారు. నన్ను ఆయన బావా అని పిలిచిన రోజులకంటే ప్రవక్తగారూ అని పిలిచిన రోజులే ఎక్కువ.

చలికాలం పొడుగునా పొద్దున్నే ఆ కొండ పార్కింగ్ లాట్‌లో కారు ఆపేవారు. ఇంకా ఎవరూ వచ్చి ఉండరు. ఆఫీసు బూట్లతోనే దిగి, మడమతో మంచును ఒకసారి పొడిచి చూసి, గుప్పెడు చేతిలోకి తీసుకుని పిసికి చూసి, ఇవాళ మంచు ఎలా ఉందో రిపోర్టు చెప్పడానికి నాకు ఫోన్ చేసేవారు. నాకు స్కీయింగ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా చేసేవారు. నాకయ్యాక మా సంఘంలో పిల్లల్ని స్కీయింగ్‌కు పంపే తల్లిదండ్రులకు చేసేవారు.

మార్చి దాటిందంటే ఆ రిపోర్టు మొత్తం వంటింటి భాషలోకి దిగిపోయేది. "ఇప్పుడు కలకండ. కాలు పెడితే జర్రున జారుతుంది, ఎవర్నీ రానివ్వొద్దు. ఎండెక్కాక బొంబాయి రవ్వ అవుతుంది. అదీ టైం, బావా, ఆ రవ్వ మీద వెళ్తుంటే స్వర్గమే. మూడు దాటితే మజ్జిగన్నం. మోకాళ్ళు పోతాయి."

"స్వర్గం గురించి నాకు చెప్పకండి, అది నా డిపార్ట్‌మెంట్," అనేవాణ్ణి.

ఆ స్కీ కొండ నడిపేవాళ్ళకు సొంత రికార్డింగ్ ఉండేది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒక అమ్మాయి గొంతు హుషారుగా "ఎక్సలెంట్ కండిషన్స్!" అనేది. రాళ్ళు బయటపడి, లిఫ్టు కింద బురద తేలి, గడ్డి పచ్చబడుతున్నా ఎక్సలెంటే. అది వింటే మా బావగారికి ఒళ్ళు మండిపోయేది. ఒక శనివారం మా సంఘంలో ఒకావిడ ఆ రికార్డింగూ, వెబ్‌సైట్‌లో పెట్టిన అదే మాటా నమ్మి, ఇద్దరు పిల్లల్ని కార్లో వేసుకుని వెళ్ళింది. బావగారు పార్కింగ్ లాట్‌లోనే ఎదురెళ్ళి ఆపేశారు.

"అమ్మా, ఇవాళ వద్దు. గాజు పెంకులా ఉంది. వెనక్కి తీసుకెళ్ళండి."

"అంకుల్, వెబ్‌సైట్‌లో ఎక్సలెంట్ అని ఉంది కదా! పిల్లలు వారం నుంచి వెయిట్ చేస్తున్నారు."

"వెబ్‌సైట్‌కి కాళ్ళుండవమ్మా, విరగడానికి."

ఆవిడ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "కండిషన్ గురించి అబద్ధం చెబితే ఎవరి కాలో విరుగుతుంది, బావా," అన్నారు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆయన చేసిన మేలు చెప్పకుండా విసుగు ఒక్కటే చెబితే అన్యాయం. నేను ఈ దేశంలో దిగిన రోజు పల్చటి స్వెట్టర్ వేసుకుని వచ్చాను. విమానాశ్రయంలో తన కోటు విప్పి నాకు తొడిగి, తాను వణుకుతూ కారు దాకా నడిచారు. మంచు మీద కారు నడపడం నేర్పింది ఆయనే. మొదటిసారి చక్రాలు జారినప్పుడు నేను భయంతో బ్రేకు తొక్కబోతే, "తొక్కకు, తొక్కకు! జారే వైపుకే స్టీరింగ్ తిప్పు. జారుతున్నానని ముందు ఒప్పుకో, అప్పుడు బండి నీ మాట వింటుంది," అన్నారు. మారుమనసు మీద నేను చేసిన ప్రసంగాలన్నిటికీ మూలం ఆ ఒక్క వాక్యం. ఆయనకు ఆ సంగతి చెబితే, "రాయల్టీ ఎక్కడ?" అన్నారు. మా సంఘంలో అప్పుడే దిగిన కుటుంబాల పిల్లల్లో చాలామంది ఆయన చెయ్యి పట్టుకునే ఆ దిబ్బ మీద నిలబడ్డం నేర్చుకున్నారు. అద్దె బూట్లు కాళ్ళకు బిగించేటప్పుడు ప్రతి పిల్లవాడి ముందూ మోకాళ్ళ మీద కూర్చునేవారు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి చెప్పినప్పుడల్లా నా కళ్ళ ముందుకు వచ్చేది ఆ దృశ్యమే.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ ఏడు, పునరుత్థాన పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకు పైకి వెళ్తున్నారు. మా బేస్‌మెంట్ మెట్లు ఎన్నో లేవు. మా బావగారు సగంలో ఆగిపోయారు. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, ఒక చెయ్యి ఛాతీ మీద. నుదుటి మీద చెమట. వెనక పులిహోర గిన్నెతో వస్తున్న నా భార్య చూసింది.

"అన్నయ్యా, ఏమైంది?"

"గ్యాస్."

"మెట్లెక్కుతుంటే గ్యాస్ ఏమిటి?"

"నీ చేతి శనగపప్పు గారెలు పొద్దున్న తిన్నా కదే. గ్యాస్ రాక గ్లామర్ వస్తుందా?"

ఆయన భార్యను మేము అక్కయ్యగారు అని పిలుస్తాం. ఆవిడ కిందనుంచి అందుకుంది. "గారెలు ఇవాళ తిన్నారు. పోయిన వారం గ్యారేజీ ముందు మంచు ఎత్తుతూ కూర్చుండిపోయారు, అప్పుడేం తిన్నారు? అంతకుముందు లిఫ్టు దగ్గర? అడగమ్మా, అడుగు మీ అన్నయ్యని!"

నా భార్య గిన్నె మెట్టు మీదే పెట్టేసింది. డాక్టరుకు చూపించుకుంటానని మాట ఇస్తే గాని ఎవరికీ అన్నం వడ్డించనంది. పైన ఆకలితో ఉన్న సంఘం, మధ్యలో మెట్ల మీద అడ్డంగా ఈ తగువు. చివరికి ఆయన చేతులెత్తేశారు.

"సరే. సీజన్ అయిపోనీ. కొండ మూసిన మర్నాడే ఫోన్ చేస్తా. ఒట్టు."

"ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు చెప్పాడు," అన్నాను.

"అయితే ఒట్టు లేదు. మాట. అవునంటే అవును. సరేనా ప్రవక్తగారూ? ఆకలేస్తోంది."

మేము సరేనన్నాం. ఎందుకంటే కొండ మరుసటి ఆదివారం మూసేస్తున్నట్టు బోర్డు పెట్టారు. వారమే కదా అనుకున్నాం. అప్పటికే గడ్డి తేలుతోంది.

ఆ రాత్రే మంచు పడింది.

ఆ తర్వాత మా రెండిళ్ళలో జరిగింది తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పొద్దున్నే ఫోన్ మోగితే ఇద్దరం దాని మీద పడేవాళ్ళం. మంచు కరిగితే డాక్టరు. కరక్కపోతే లేదు. స్కీయింగ్ అంటే ఏమిటో తెలియని నా భార్య వాతావరణం రిపోర్టు ముందు కూర్చుని, ఉష్ణోగ్రత పెరిగితే "స్తోత్రం!" అనేది. నేను ఏలీయా లాగా మోకరించాను. ఏలీయా వానలు ఆపమని ప్రార్థిస్తే ఆకాశం మూతపడింది కదా, నేను ఎండ కోసం ప్రార్థిస్తే ఎందుకు రాదు? రాలేదు. ఎందుకంటే అవతలి ఇంట్లో ఇంకొకాయన మంచు కోసం అంతే భక్తిగా ప్రార్థిస్తున్నాడు.

"మీ ప్రార్థన కంటే నాది బలంగా ఉందండోయ్," అన్నారు ఫోన్‌లో, పునరుత్థాన పండుగ ముందు రోజు. "ఇంకో వారం పొడిగించారు. పైన ఇంకా గట్టిగానే ఉంది. ఎడమ పక్క రెండు చోట్ల మట్టి తేలింది, చూసుకుని తిరగాలి. లిఫ్టు దిగేచోట బురద."

"కొండ సంగతి సరే బావగారూ. మీ కండిషన్ ఏమిటి?"

ఆ రికార్డింగ్ అమ్మాయి గొంతు అనుకరిస్తూ, "ఎక్సలెంట్ కండిషన్స్!" అన్నారు.

నేను నవ్వాను. నిజమే, చాలా బాగా అనుకరించేవారు.

తర్వాత మాత్రం ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళి వంటింట్లో నిలబెట్టి వాక్యం చెప్పాను. ఐగుప్తు నిండా కప్పలు పట్టినప్పుడు, "వీటిని తొలగించమని ఎప్పుడు ప్రార్థించమంటావు?" అని మోషే ఫరోను అడిగాడు. పడక మీద కప్పలు, పిండి తొట్టిలో కప్పలు. ఎవడైనా "ఇప్పుడే" అంటాడు. ఫరో ఏమన్నాడు? "రేపు" అన్నాడు. ఇంకో రాత్రి కప్పలతో పడుకోవడానికి ఒప్పుకున్నాడు గాని "ఇప్పుడే" అనలేదు.

మా బావగారు శ్రద్ధగా విన్నారు. విని, "ఫరోకి సీజన్ పాస్ ఉండి ఉంటుంది," అన్నారు.

ఏం చెయ్యను, చెప్పండి! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అక్కయ్యగారు వాము డబ్బా తీసి ఆయన ముందు ఠప్పున పెట్టి, "నమలండి, గ్యాస్‌ కదా," అని వెళ్ళిపోయింది.

ఆఖరికి పండుగ తర్వాతి ఆదివారం కొండ మూసేశారు. సీజన్ చివరి రోజున అక్కడొక ఆచారం ఉంది. వాలు అడుగున కరిగిన నీటిని గుంటలో నిలవేస్తారు. పైనుంచి వేగంగా వచ్చి, మునక్కుండా స్కీల మీద ఆ నీళ్ళు దాటాలి. అందరూ చిత్రమైన వేషాలు వేసుకొస్తారు. మా బావగారు ఏటా పంచె కట్టి, కండువా వేసుకుని, లోపల చలి దుస్తులతో దిగేవారు. ఏటా సరిగ్గా మధ్యకు వచ్చి మునిగేవారు. నీళ్ళ మీద నడవబోయిన పేతురు కూడా మధ్యలోనే మునిగాడని నేను ఏటా అనేవాణ్ణి.

ఈసారైనా ఇదే ఆఖరి రోజని నమ్మకం కుదరక, ఆరాధన అవగానే నేనూ నా భార్యా వెళ్ళాం. తెల్లటిదంటూ ఆ కొండ మీద ఒక్క చారే మిగిలింది, నెరిసిన జుట్టులో పాపిడిలా. చుట్టూ అంతా గోధుమరంగు. ఆ చార మీంచి ఆయన పంచె ఎగురుతుండగా వచ్చారు. నీళ్ళలోకి దూసుకెళ్ళారు. మునగలేదు! అవతలి గట్టుకు చేరారు! జనం కేకలు పెట్టారు. లిఫ్టు నడిపే ముసలాయన టోపీ తీసి ఊపాడు. మా బావగారు గట్టు మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "చూశారా ప్రవక్తగారూ, పేతురు దాటేశాడు!" అని అరిచారు. అరిచి, చేతిలోని స్కీ కర్రల మీద వాలి, చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. దగ్గరికి వెళ్తే ముఖం పాలిపోయి ఉంది.

"గ్యాసేనా?" అంది నా భార్య.

"రేపు ఫోన్ చేస్తానుగా," అన్నారు.

మర్నాడు చేశారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఆ ఫోన్ సంగతి సమాధి కార్యక్రమం అయ్యాక అక్కయ్యగారు చెప్పింది. స్పీకర్‌లో పెట్టి మాట్లాడారట. క్లినిక్ అమ్మాయి అడిగిందట: ఛాతీ నొప్పి ఉందా? ఆయాసం ఉందా? ఎదురుగా నిలబడ్డ అక్కయ్యగారు ఛాతీ మీద చేత్తో కొట్టుకుంటూ సైగ చేసిందట. ఆయన ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి, "అలా చెబితే ఇప్పుడే ఎమర్జెన్సీకి రమ్మంటారు. ఇవాళ నాకు మీటింగులున్నాయి," అన్నారట. అరచెయ్యి తీసి, "నో, నో. జస్ట్ రొటీన్ చెకప్. ఐ యామ్ డూయింగ్ గ్రేట్," అన్నారట.

గ్రేట్‌గా ఉన్నవాడికి తొందరేముంది? రెండు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఆయనకు మిగిలింది ఎనిమిది రోజులు. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు అడిగారు. ఈయన కొండవాళ్ళ రికార్డింగ్ వినిపించాడు.

సహోదరులారా, నా విసుగంతా ఇక్కడే. గుప్పెడు మంచు పిసికి చూసి, దాని లోపల ఏముందో పరాయి పిల్లల కోసం పొల్లుపోకుండా చెప్పిన మనిషి. నిన్నటి మంచు కబురు ఇవాళ చెప్పడం కూడా పాపమనుకున్న మనిషి. ఆకాశం నుంచి కురిసిన మన్నా మర్నాటికి పురుగు పట్టినట్టు నిన్నటి రిపోర్టు కుళ్ళిపోతుందనేవారు. అలాంటి మనిషి తన గుండె గురించి అడిగితే ఎక్సలెంట్ అన్నాడు. కండిషన్ గురించి అబద్ధం చెబితే ఎవరి కాలో విరుగుతుందన్నావు కదా బావా. విరిగింది కాలు కాదు.

హిజ్కియా రాజును చూడండి. మరణకరమైన జబ్బు చేసింది. గ్యాస్ అనలేదు. గోడ వైపు తిరిగి, దాచుకోకుండా భోరున ఏడ్చాడు. దేవుడు ఆయుష్షు పొడిగించాడు. పొడిగించిన దేవుడే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు కూడా. మందు వాడడం అవిశ్వాసమని ఎవడైనా మీకు బోధిస్తే, ఆ అంజూరపు ముద్ద ఎందుకని అడగండి. జబ్బు గురించి ఉన్నది చెప్పడం అపశకునం కాదు, అవిశ్వాసం కాదు, నలుగురినీ కంగారుపెట్టడం అంతకన్నా కాదు. మన మగవాళ్ళ నోటికి ఈ "గ్యాస్" అనే ముద్ద ఎవరు కుక్కారో గాని, దాన్ని ఉమ్మెయ్యండి. ఆడవాళ్ళూ, మీరేం తక్కువ తినలేదు. మీ మాట "కాస్త నీరసం."

నిన్న వాళ్ళింటి గ్యారేజీకి వెళ్ళాను. తాడు మీద పంచె ఇంకా ఆరేసే ఉంది, అంచున కొండ బురద ఎండి అట్ట కట్టింది. బల్ల మీద రెండు స్కీలు బోర్లా పెట్టి ఉన్నాయి. వేసవిలో అడుగు ఎండిపోకుండా మైనం మందంగా పూసి వదిలేస్తారు, చలికాలం వచ్చాక గీకి తీస్తారు. ఆ పనికి నా భార్య పాత ఇస్త్రీ పెట్టె పట్టుకుపోయి మళ్ళీ ఇవ్వలేదు. ఒక స్కీకి మైనం నున్నగా, ఎక్కడా ఒక గీత లేకుండా పూసి ఉంది. రెండోదానికి సగం వరకే. ఆ సగం దగ్గర మైనం ఒక చుక్కగా జారి, జారుతూనే గడ్డకట్టింది.

నేను దాన్ని చూస్తూ ఉండగా లోపల ఆయన సెల్‌ఫోన్ మోగింది. అక్కయ్యగారు దాన్ని గ్యారేజీలోకి తెచ్చి స్పీకర్‌లో పెట్టింది. క్లినిక్ నుంచి రికార్డింగ్. రేపటి అపాయింట్‌మెంట్ గుర్తు చేస్తున్నామనీ, వస్తుంటే ఒకటి నొక్కమనీ ఒక హుషారు గొంతు చెబుతోంది. ఆవిడ ఫోన్ నా వైపు చాచి, "ఏం నొక్కను తమ్ముడూ?" అంది.

ఆ రేపు ఇవాళే. ఆయన కూర్చోవలసిన కుర్చీ ఇవాళ ఆ క్లినిక్‌లో ఖాళీగా ఉంది. మీ కొండ ఎప్పుడు మూస్తారని ఎదురుచూస్తున్నారు? ప్రాజెక్టు అయ్యాకా? పిల్లల పరీక్షలయ్యాకా? ఇండియా వెళ్ళొచ్చాకా? ఈ కాగితం పక్కన పెట్టండి. ఫోన్ తియ్యండి. ఎలా ఉందని వాళ్ళు అడుగుతారు. గుప్పెట్లోకి తీసుకుని పిసికి చూసి, రాయి ఉంటే రాయి ఉందని, బురద ఉంటే బురద ఉందని చెప్పండి. రేపు కాదు. ఈ పూటే చెయ్యండి.